చీటీలో ఎనిమిదోది

పేపర్లమీద బరువు పెట్టిందో లేదో, పెట్టే ఉంటుంది, ఆ గాజుబిళ్ళ ఎప్పుడూ బల్లమీదే కదా ఉండేది, మరి ఫ్యాను ఆపిందా, ఆపకపోతే ఎనిమిదో తరగతి ముప్ఫై ఎనిమిది మందీ ఈపాటికి గదంతా ఎగిరి కొందరు మంచం కింద, కొందరు బీరువా వెనక నక్కి ఉంటారు, అనుకునేసరికి టీచరుకి నవ్వొచ్చింది, వచ్చిన నవ్వుని పెదవి దాటకుండానే మింగేసింది, ఎందుకంటే పక్కన గొడుగు పట్టుకుని నడుస్తున్న డ్రాయింగు టీచరు అది చూసిందంటే ఎందుకే నవ్వుతున్నావు అని అడుగుతుంది, అడిగితే ఊరికే అనాలి, ఆ మాట ఐదు నెలలుగా ఆమె నోట రావడం లేదు, రావలసిన చోట ఏమీ లేదు అంటోంది, లేదంటే తల అడ్డంగా ఊపి ఊరుకుంటోంది, మనిషికి ఒక్క మాట తగ్గితే బతుకు ఆగిపోతుందా, ఆగదు, కాకపోతే నోట్లో పన్ను ఊడిన చోటుకి నాలుక మాటిమాటికీ వెళ్ళినట్టు మనసు అక్కడికే వెళ్తుంది.

ఎండ తలమీద ఉంది, గొడుగు ఒకటే, డ్రాయింగు టీచరు దాన్ని తనవైపు కాకుండా ఈమె వైపే వంచి పట్టుకుంటోంది, ఆవిడ ఎడమ భుజం పూర్తిగా ఎండలోనే ఉంది, ఆ సంగతి చెబితే నాకేం రంగు తగ్గుతుందా ఇక, అంటుంది, ఆవిడ మాట తీరే అంత, ఒకటిన్నరకి వచ్చి గుమ్మంలోనే నిలబడి, చెప్పులేసుకో, బజారుకెళ్తున్నాం, అంది, పేపర్లున్నాయే అంటే, పేపర్లెప్పుడూ ఉంటాయి, వాటికి చావుందా, అని చప్పున నాలుక కరుచుకుంది, ఇద్దరూ కాసేపు గోడకున్న కేలండరు వైపు చూశారు, శనివారం, అప్పుడు టీచరు మారుమాట లేకుండా లేచి చెప్పులు వేసుకుంది, ఇరవై ఏళ్ళలో చెల్లెలు పిలిస్తే అలా ఒక్కసారైనా లేచిందా, అక్కా ఇవాళైనా వస్తావా, ఇంకోసారి, అక్కా ఒక్క గంటేనే, ఇంకోసారి వస్తానే నిన్ను మూట కట్టుకుపోతారా ఎవరైనా, అంటూ ఎన్ని శనివారాలు, చివరికొక రోజు విసుగొచ్చి, ఇదిగో మా డ్రాయింగుని తీసుకెళ్ళు, దానికి రంగులంటే ఇష్టం, నన్నొదిలెయ్యి, అని ఈవిణ్ణి చెల్లెలికి అప్పగించింది, ఆ తర్వాత ప్రతి శనివారం వాళ్ళిద్దరూ వెళ్ళేవాళ్ళు, ఈమె కిటికీ దగ్గర కూర్చుని ఎర్రసిరాతో తప్పులు చుట్టేది, ఎంత హాయిగా ఉందో అనుకునేది, అవును, హాయి అనే అనుకుంది, ఆ మాటే అనుకుంది.

సంచీ మాత్రం చెల్లెలిది, ఆమె కుట్టు దుకాణం ఖాళీ చేసినప్పుడు తెచ్చుకుంది, మిగిలిన గుడ్డముక్కలతో చెల్లెలే కుట్టుకున్న సంచీ, ఎన్ని రంగులున్నాయో అన్ని పొరపొచ్చాలున్నాయి దానిలో అని తను వెక్కిరిస్తే, నీ చీరలన్నీ ఒకే రంగు, నీకు పొరపొచ్చాలెక్కడివిలే, అనేది చెల్లెలు, సంచీ లోపలి జేబులో చీటీ ఉంది, నాలుగు మడతలు పెట్టిన చీటీ, నల్లదారం, ఉక్కులు, తెల్ల గుండీలు, జిప్పులు, లేసు, సుద్ద, బాబిన్లు, ఊరికే, మొత్తం ఎనిమిది, ఒకదాని కింద ఒకటి, ఆ వంకర అక్షరాలు, కొమ్ములు పొడుగ్గా జారిపోయే అక్షరాలు, ఆ చీటీ దొరికిన రోజున దుకాణంలో కుట్టుమిషను ముందు చెల్లెలి ముక్కాలిపీట మీదే కూర్చుని చదివింది, కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, కారుతూ ఉండగానే చెయ్యి తనంత తాను బ్యాగులోకి వెళ్ళి పెన్ను తీసింది, ఉక్కులు అన్నదాని మీద కొట్టేసి హుక్కులు అని రాసింది, ఎనిమిదోదాని చుట్టూ సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది, ఊరికే ఏమిటి, ఊరికే తర్వాత క్రియ ఉండాలి కదా, ఊరికే కొనాలా, చూడాలా, ఎవరికైనా ఇవ్వాలా, రాయబోయి ఎందుకు ఆపేశావు, అని, ప్రశ్నార్థకం కింద చుక్క పెట్టాక గానీ తానేం చేసిందో తెలియలేదు, చనిపోయిన మనిషి చీటీ దిద్దింది, అది చూసుకుని పెన్నుకి మూత పెట్టకుండానే బ్యాగులో పడేసింది.

ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి, చెబితే ఏమంటారు, అలవాటులే అంటారు, అలవాటే, ఆ అలవాటే కదా ఉత్తరాలు ఆపేయించింది, పెళ్ళై వెళ్ళిన కొత్తలో చెల్లెలు వారానికో ఉత్తరం రాసేది, వంటింట్లో వెలుతురు ఎటునుంచి పడుతుందో, పక్కింటామె ఎలా తుమ్ముతుందో, అన్నీ రాసేది, ఒకసారి ఆ ఉత్తరాన్ని దిద్ది, పదిహేడు తప్పులు, అని చివర్న అంకె వేసి, నవ్వుకుంటుందనే అనుకుని తిరుగు టపాలో పంపింది, నవ్వుకునే ఉంటుంది కూడా, కానీ మళ్ళీ ఉత్తరం రాలేదు, ఫోను చేసింది, ఉత్తరం రాయలేదేమే అంటే, ఫోన్లో అయితే తప్పులు కనబడవుగా అక్కా, అంది, ఎంత తేలిగ్గా అంది, అప్పుడు తనూ నవ్వింది, ఆ నవ్విన సంగతి ఇప్పుడు తలుచుకుంటే ముల్లులా ఉంది, భర్త పోయి చెల్లెలు మళ్ళీ ఈ ఊరికే వచ్చి దుకాణం పెట్టుకున్నాక కూడా, రెండు వీధుల దూరంలో ఉండి కూడా, ఫోనే, అక్కా ఏం చేస్తున్నావు, పేపర్లు దిద్దుతున్నాను, సరే అయితే.

చూసి నడువు, అంది డ్రాయింగు టీచరు, కాలవ పలక ఊగుతోంది అక్కడ, మీ చెల్లెలైతే కావాలనే దాని మీద నిలబడి ఊగేది, యాభై ఏళ్ళొచ్చిన మనిషి, సిగ్గులేదటే అంటే, ఊగేది పలక కదా నాకెందుకు సిగ్గు, అనేది, అంటూ ఆవిడ గొడుగు మడిచింది, రేకుల పైకప్పున్న వీధిలోకి వచ్చేశారు, ఒక్కసారిగా ఎండ పోయి చల్లటి చీకటి, కొత్తగుడ్డల గంజివాసన, రెండు పక్కలా గుమ్మం వెడల్పు మించని కొట్లు, దారాల కొట్టు, లేసుల కొట్టు, రిబ్బన్లు గోడంతా వేలాడదీసిన కొట్టు, ఎవరో కత్తెరతో బల్లమీద టకటకమని కొడుతున్నారు, ఎవరో ట్రాన్సిస్టరులో స్టేషను పట్టుకోలేక గరగరమనిపిస్తున్నారు, దారాల కొట్టాయన వీళ్ళని చూసి నిలబడ్డాడు, నల్లదారం రీళ్ళూ హుక్కుల అట్టా అడగకుండానే తీసి ఇచ్చాడు, చెల్లెలు వాడే రకమే, అది గుర్తుంది ఆయనకి, తనకి గుర్తుందా, చెల్లెలు ఏ నంబరు సూది వాడేదో, ఏ చేత్తో దారం తుంచేదో, చెయ్యి కాదు, పళ్ళతో తుంచేది, అవును పళ్ళతో, అమ్మ ఎన్ని తిట్లు తిట్టినా, హమ్మయ్య, ఇదొకటి గుర్తుంది.

గుండీల కొట్టు నడిపే ఆమె లావుగా, గుండ్రంగా ఉంటుంది, ఆమెకి ఈ బజారంతా పెట్టిన పేరు పెద్దగుండీ, ఆ పేరుతో పిలిస్తే పలుకుతుంది కూడా, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని టీచరుని పైనించి కిందికి చూసి, మీరేనామ్మా ఎర్రపెన్ను, అంది, డ్రాయింగు టీచరు కంగారుగా దగ్గింది, ఫర్వాలేదులేండి, చిన్నామె చెప్పేది, మా అక్క వస్తే నీ బోర్డులో తప్పులన్నీ దిద్దేస్తుంది జాగ్రత్త అని, ఎన్నేళ్ళనించో భయపడుతున్నాను నేను, ఏదీ దిద్దండి చూద్దాం, అని నడుం మీద చెయ్యి వేసుకుంది, టీచరు తలెత్తి బోర్డు చూసింది, తప్పుంది, ఒకటి కాదు మూడున్నాయి, గుండీలులో డీకి బదులు డి ఉంది, అన్నీ బాగానే ఉన్నాయండీ, అంది, అని తనే ఆశ్చర్యపోయింది, ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో తప్పుని తప్పు కాదనడం ఇదే మొదలు, అది పెద్ద కష్టంగా కూడా లేదు, నాలుక మీంచి జారిపోయింది, అంత తేలిక పని ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదో.

తెల్ల గుండీలు ఒక చెక్కపెట్టె నిండా ఉన్నాయి, మూరెడు లోతు పెట్టె, డ్రాయింగు టీచరు గాజులు పైకి తోసుకుని మణికట్టుదాకా చెయ్యి అందులో ముంచింది, ఏమిటే ఆ పని, అంటే, నువ్వూ పెట్టు, అంది, పెద్దగుండీ కూడా పెట్టండమ్మా పెట్టండి, ఇక్కడికొచ్చి చెయ్యి పెట్టకుండా వెళ్ళినవాళ్ళు లేరు అంది, టీచరు అటూ ఇటూ చూసి, ఎవరైనా స్కూలు పిల్లల అమ్మలుంటే ఏమనుకుంటారు అని ఒక్క క్షణం ఆగి, పెట్టింది, చల్లగా ఉన్నాయి, నీళ్ళలా చల్లగా, కానీ నీళ్ళలా తడపలేదు, వేళ్ళ సందుల్లోంచి జారుతూ గలగలమన్నాయి, అడుగున ఇంకా చల్లగా ఉన్నాయి, ఎండలో నడిచొచ్చిన చెయ్యి కదా, మోచేతిదాకా హాయి పాకింది, అబ్బ, అంది పైకే, అన్నాక చెయ్యి తీసెయ్యాలనిపించింది, తియ్యలేదు, అయిదేళ్ళప్పుడు చెల్లెలు బియ్యం డబ్బాలో ఇలాగే చెయ్యి పెడితే చూడమ్మా ఇదేం చేస్తోందో అని చాడీ చెప్పింది తనే, ఎనిమిదేళ్ళ పెద్దరికం తనది, చెల్లెలికి వీపుమీద ఒకటి పడింది, చెయ్యి మాత్రం తియ్యలేదది, ఏడుస్తూనే లోపల పెట్టుకుంది, ఎందుకే అంత మొండి, అని అమ్మ, ఊరికే, అని అది.

గుండీలు కాగితంలో పొట్లం కట్టాక పెద్దగుండీ ఇంకొకటి, పచ్చది, ఆకురంగుది, పొట్లం మీద పెట్టింది, ఇది మేం అడగలేదే అంది టీచరు, ఊరికేనమ్మా, అందామె, జత దొరకని గుండీలు చిన్నామెకిచ్చేదాన్ని, ఉంచండి, అంది, టీచరు ఆ మాట ఈ బజారులో ఇలా అడక్కుండా చేతిలో పెడతారనుకోలేదు, పచ్చగుండీని గుప్పిట్లో పెట్టుకుని బయటికి నడిచింది, ఊరికే అంటే నాన్న ఊరుకునేవారు కాదు, ఎందుకే నవ్వుతున్నావు చిన్నదానా, ఊరికే నాన్నా, ఏ ఊరికే, టిక్కెట్టు తీసుకున్నావా మరి, రోజూ అదే పరాచికం, రోజూ అది కొత్తగా విన్నట్టే పడీ పడీ నవ్వేది, తను మాత్రం పుస్తకంలోంచి తల ఎత్తకుండా, ఊరికే అన్నది అవ్యయం నాన్నా, దానికి విభక్తి ఉండదు, అనేది, పదమూడేళ్ళకే అంత పాండిత్యం, ఇంటిల్లిపాదికీ ఎంత విసుగు పుట్టించి ఉంటుందో.

జిప్పులూ లేసూ కూడా అయ్యాయి, లేసు కొలిచేటప్పుడు కొట్టువాడు లాగి కొలుస్తున్నాడని డ్రాయింగు టీచరు వాడి చెయ్యి పట్టుకుంది, వదులుగా కొలువయ్యా, అది లేసు, నీ పెళ్ళాం మీద కోపం కాదు, అంటే వాడు సిగ్గుపడి ఇంకో బెత్తెడు కలిపి కోశాడు, సుద్దా బాబిన్లూ పక్కకొట్లోనే, ఏడయ్యాయి, ఒక్కొక్కటీ సంచీలో పడుతుంటే సంచీ బరువెక్కడం బాగుంది, ఈ సరుకు ఎవరికీ అక్కర్లేదు, దుకాణం లేదు, మిషను ఎవరో తీసుకెళ్ళారు, అయినా చీటీ పూర్తి చెయ్యాలనిపించింది ఆమెకి, సగం ఖాళీగా వదిలిన జవాబు పత్రం చూస్తే ఉండే బాధ అది, ఏడయ్యాయి, ఎనిమిదోది మిగిలింది, దాని కోసమే వచ్చింది అసలు, నిజం చెప్పాలంటే దాన్ని అడగడానికే చెప్పులు వేసుకుంది.

ఎందుకంటే ఆఖరి ఫోనులో కూడా ఆ మాటే, అదీ శనివారమే, మూడు గంటలవుతుండగా, ఇరవయ్యో పేపరు మధ్యలో ఉంది, చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, ఏమిటే, అంది, అవతల బజారు గోల, ఏం లేదక్కా, ఊరికే చేశాను, ఒక్క నిమిషం, అంది చెల్లెలు, ఊరికే అయితే తర్వాత చెయ్యవే తల్లీ, పేపర్లున్నాయి, అని పెట్టేసింది, అంతే, పది సెకన్లు, ఆ నిమిషం ఇచ్చి ఉంటే ఏం పోయేది, నాలుగున్నరకి పేపర్లయిపోయాయి, చేద్దామనుకుంది, బట్టలు నానబెట్టి ఉన్నాయి, ఆదివారం చేద్దామనుకుంది, సోమవారం బడి, మంగళవారం మూడో పీరియడులో అటెండరు తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, ఉండు, ఈ వాక్యం అవనీ, అని అతన్నీ నిలబెట్టింది, బోర్డు మీద వాక్యం పూర్తిచేసి, చుక్క పెట్టి, సుద్ద దులుపుకుని అప్పుడు చెప్పు అంది, మిషను మీదే తల వాల్చేసిందట, సూది కింద గుడ్డ అలాగే ఉందట, ఎవరిదో చెయ్యి, సగం కుట్టిన జాకెట్టు చెయ్యి, గుండె ఆగిందన్నారు డాక్టరు, మరి శనివారమే తెలిసిందా దానికి, నొప్పేమైనా వచ్చిందా, అది చెప్పబోయిందా, ఒక్క నిమిషం అన్నది దేనికి, ఐదు నెలలుగా రాత్రనక పగలనక ఆ వాక్యాన్ని పూర్తిచేసుకుంటోంది, ఊరికే చేశాను కానీ అక్కా నాకు ఒంట్లో బాగాలేదు, ఊరికే చేశాను కానీ అక్కా ఒకసారి వస్తావా, ప్రతి రాత్రీ ఒక కొత్త వాక్యం, ప్రతిదానిలోనూ తప్పు తనదే.

టీ బల్ల దగ్గర కూర్చున్నారు, గాజుగ్లాసులు కాలుతున్నాయి, డ్రాయింగు టీచరు కొంగుతో పట్టుకుని ఊదుకుంటూ తాగుతోంది, నుదుటిమీద చెమట, కళ్ళలో మాత్రం ఒకరకం తృప్తి, చూశావా, చచ్చిపోలేదు నువ్వు, గుండీల్లో చెయ్యి పెడితే, అంది, టీచరు చీటీ తీసి బల్లమీద పెట్టింది, ఎర్రగీతలు కనబడకుండా ఉక్కుల మీద బొటనవేలు ఆన్చింది, కానీ ఎనిమిదోదాన్ని దాచలేదు కదా, ఆ చివర్న ఏం కొందామనుకుందో నీకు తెలుసా, రాస్తూ రాస్తూ ఆపేసింది, అంది, గొంతు మామూలుగానే ఉంచింది, హాజరు పిలిచే గొంతు, డ్రాయింగు టీచరు చీటీ మీదికి వంగింది, ఎర్ర ప్రశ్నార్థకం చూసింది, ఈమె మొహం చూసింది, నవ్వబోయింది, ఆ నవ్వు సగంలో ఇంకేదో అయిపోయి గ్లాసు కింద పెట్టేసింది, పిచ్చిదానా, అంది, ఆపెయ్యలేదే, అయిపోయింది, అదీ సరుకే, ప్రతి చీటీలో ఆఖర్న అదే ఉంటుంది, అన్నీ కొన్నాక ఒకచోటికి వెళ్ళేవాళ్ళం, ఏమీ కొనం అక్కడ, ఊరికే వెళ్ళేవాళ్ళం, మర్చిపోతామని చీటీలో వేసేది, పనుల మధ్యలో అదొక్కటే మనం ఎగ్గొట్టేది, రాసిపెట్టుకుంటే తప్పనిసరౌతుంది, అనేది, మరి ఆ శనివారం నాకు ఫోను చేసినప్పుడు, అని టీచరు ఆగింది, నేను పక్కనే ఉన్నానుగా, అంది డ్రాయింగు టీచరు, ఏం చెబుదామని చేసిందో చెప్పిందా, అడిగింది టీచరు, డ్రాయింగు టీచరు చేతిగడియారం చూసుకుంది, లే, మూడు కావొస్తోంది, నేను చెబితే బాగోదు, అంది.

ఆ కొన్ని అడుగులూ ఎలా వేసిందో తెలియదు, సంచీ మోకాలికి కొట్టుకుంటోంది, గుప్పిట్లో పచ్చగుండీ అంచు నొక్కుకుంటోంది, నొప్పని చెబుతుందేమో, నీ మీద కోపం అని చెబుతుందేమో, కోపమైతే బాగుండును, కోపానికి బదులు చెప్పుకోవచ్చు, వీధి చివర మెట్లకింద ఒక కొట్టు, మెట్లు ఎక్కేవాళ్ళ కాళ్ళు పైకప్పు మీద దబదబమంటున్నాయి, లోపల గోడలనిండా గడియారాలు, కంటికి భూతద్దం బిగించుకున్న పెద్దాయన ఒక చేతిగడియారం పొట్టలోకి చూస్తున్నాడు, తలెత్తకుండానే, రామ్మా, చాలా రోజులకి, అన్నాడు డ్రాయింగు టీచరుతో, ఒక్కరే వస్తారో రారో అనుకున్నాను, ఆ తల్లి పోయాక, అని ఆగి, ఈవిడ, అన్నాడు, మా స్కూల్లోనే, అని మాత్రం అంది డ్రాయింగు టీచరు, కూర్చోండి కూర్చోండి, రెండు నిమిషాలుంది, అని ముక్కాలిపీటలు చూపించాడు, ఇద్దరూ కూర్చున్నారు, మోకాళ్ళు తగిలేంత ఇరుకు, నూనెవాసన, ఇత్తడివాసన, ఎటు చూసినా టిక్కుటిక్కులు, వానచినుకులు రేకుమీద పడ్డట్టు ఒకదానికొకటి పొంతన లేకుండా, ఇదేనా, దీనికోసమా, ఇరవై ఏళ్ళు.

మొదటిది గోడమీద ఎడమవైపుది గణ్ణుమంది, అది రెండోది కొట్టేలోపే పక్కది అందుకుంది, ఆపైన అన్నీ ఒక్కసారే, కాదు ఒక్కసారి కాదు, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ, పెద్ద గొంతువీ కీచుగొంతువీ, బడి వదిలిన గంటకి తరగతులన్నీ ఒకేసారి మెట్లమీదికి పరిగెత్తినట్టు, లెక్కపెట్టబోయింది, మూడో నాలుగో ఏదీ తేలలేదు, ఛాతీలో, పళ్ళలో, కూర్చున్న పీటలో మోత, డ్రాయింగు టీచరు కళ్ళు మూసుకుని నవ్వుతోంది, తనకీ నవ్వొచ్చింది, ఈసారి మింగలేకపోయింది, ఆ గోలలో ఎవరు వింటారు, చివరికి ఒక్కొక్కటే సద్దుమణిగాయి, మళ్ళీ చినుకుల చప్పుడు, అయిపోయిందనుకుని టీచరు లేవబోయింది, ఉండండమ్మా, అన్నాడు పెద్దాయన చెయ్యి ఎత్తి, అక్కగారింకా కొట్టలేదు.

ఎవరండీ, అంది టీచరు, అదిగో, అని ఆయన పై అరలో మూల విరిగిన చెక్కగడియారం చూపించాడు, ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ రాలేదు, ఏం చేసినా ఒకటిన్నర నిమిషం వెనకే, ఆ తల్లి పెట్టింది ఆ పేరు, వాళ్ళక్కగారని ఒకావిడ ఉందిట, ఎప్పుడూ వస్తాననేదిట, అందరూ గోల చేసి చల్లబడ్డాక, చేతిలో పని ముగించుకుని, అప్పుడు తీరిగ్గా నోరు విప్పుతుంది, అచ్చం మా అక్కే, అని నవ్వేది, డ్రాయింగు టీచరు కాలితో ఆయన పీటని తట్టింది, ఆయనకి తెలియలేదు, తన ధోరణిలో తనున్నాడు, ముందుకి జరుపుతానమ్మా దీన్ని అంటే వద్దంది, ఆలస్యమైనా లెక్క తప్పదు కదా, మా అక్కా అంతే, ఉండనివ్వండి, అంది, ఆఖరిసారి వచ్చినప్పుడైతే ఫోను తీసింది, ఇవాళ అక్కకి అక్కని వినిపిస్తాను అని, అదుగో ఆ అరకేసి ఫోను ఎత్తి పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడింది చిన్నపిల్లలా, అది కొట్టడం అయ్యాక చెవికి పెట్టుకుని, పెట్టేసిందండీ, పేపర్లున్నాయేమో, అని ఎంత నవ్విందో, బాధేమీ పడలేదండీ, ఇంకోసారి వినిపిస్తాలే, అంది.

అప్పుడు కొట్టింది అది, ఆ మూల విరిగిన గడియారం, నిశ్శబ్దంలో ఒక్కటే, పెద్ద గొంతేమీ కాదు, కాస్త బొంగురు, ఒకటి, ఎక్కడా తొందర లేదు, రెండు, తన గొంతులాగే ఉంది నిజంగా, హాజరు పిలిచే గొంతు, మూడు, లెక్క తప్పలేదు, ఆ మోత గాలిలో పలచబడుతుంటే టీచరు అరవైపే చూస్తూ కూర్చుంది, ఆ అరకీ నేలకీ మధ్య మునివేళ్ళ మీద నిలబడ్డ ఒక మనిషి ఎత్తు ఖాళీ ఉంది, చెయ్యి పైకి చాపి ఉంటుంది, జాకెట్టు చంకలో చెమట పట్టి ఉంటుంది, పళ్ళమధ్య దారప్పోగు ఏదైనా ఉండి ఉంటుంది, తెగిపోయిన ఫోనుని ఒకటిన్నర నిమిషం అలా ఎత్తి పట్టుకుంది, ఇవతల తను ఇరవయ్యో పేపరులో క్రియ ఏది అని రాస్తోంది, ఎర్రసిరాతో, గుండ్రంగా, నొప్పి కాదు, కబురు కాదు, కోపం కూడా కాదు, అక్కకి ఇవ్వడానికి ఒక చప్పుడు దొరికింది దానికి, అంతే, అదే మొత్తం, ఆ ఒక్క నిమిషంలో ఇంకేమీ లేదు, ఏమైనా ఉండి ఉంటే తట్టుకునేదేమో, ఏమీ లేకపోవడమే గుండెని పట్టి పిండింది, అక్కరున్న మాటైతే ఎలాగో ఒకలా మళ్ళీ వచ్చి చేరేది, ఏ అక్కరా లేకుండా వచ్చినదాన్ని కదా వద్దని పంపేసింది.

డ్రాయింగు టీచరు తన కొంగు అంచు తెచ్చి ఈమె చేతిలో పెట్టింది, టీచరు దానితో మొహం తుడుచుకోలేదు, ఊరికే పట్టుకుంది, ఊరికే పట్టుకుంది, అదిగో వచ్చేసింది ఆ మాట, మనసులోనైనా, మొన్నటి పరీక్షలో సొంతవాక్యం రాయమని ఆ మాట ఇచ్చింది తానే, నోటితో అనలేనిదాన్ని పిల్లల రాతలో చూద్దామనుకుందో ఏమో, వెనక బెంచీ పిల్ల ఒకతె రాసింది, ఎందుకు వచ్చావు, ఊరికే, అని, రాత్రి దాని పక్కన సున్నా వేసి వాక్యం పూర్తి కాలేదు అని రాసింది, గాజుబిళ్ళ కింద అన్నింటికన్నా పైన ఉన్నది ఆ పేపరే, అవ్యయం, అంటే వ్యయం కానిదర్రా, ఎన్ని వాక్యాల్లో వాడినా అరగదు, కరగదు, అని ఇరవై తొమ్మిదేళ్ళుగా బోర్డుమీద రాసి చెబుతోంది, చెప్పింది గానీ వినలేదు, చెల్లెలు చెప్పకుండా వదిలేసిన మాటేదీ లేదు, ఊరికే చేశాను అన్నప్పుడే అంతా చెప్పేసింది, ఆ తర్వాత ఇంకేదో ఉండాలనుకుని ఐదు నెలలు వెతికింది తను, అంతకుముందు ఇరవై ఏళ్ళూ వెతికింది.

ఇంతకీ ఏం బాగుచెయ్యాలమ్మా, అన్నాడు పెద్దాయన, కంటి భూతద్దం తీసి ఇప్పుడే ఆమెని సరిగ్గా చూస్తూ, గడియారం తెచ్చారా, ఏ పనిమీద వచ్చారు, నేనే ఆ అక్కని అని చెప్పాలేమో, చెబితే ఆయన నొచ్చుకుంటాడు, చెప్పకపోతే అబద్ధమా, ఏమో, పై అరలో మూల విరిగినది తన ఒకటిన్నర నిమిషం తను చూసుకుంటూ టిక్కుటిక్కుమంటోంది, టీచరు గుప్పిట విప్పింది, పచ్చగుండీ అంచు అరచేతిలో గుండ్రంగా అచ్చు పడి ఉంది, నాలుగు చుక్కలతో సహా, ఊరికే, అంది, అని ఆగి చూసుకుంటే, వాక్యం అక్కడితో పూర్తయింది.